నాంగ్ నూచ్‌లో పామ్ చెట్లు చూడాలంటే: పట్టాయా వెళ్లేవాళ్ల కోసం

పట్టాయా ప్యాకేజీ తీసుకున్న మనవాళ్లలో చాలామంది నాంగ్ నూచ్ తోట చూసే వస్తారు. చూసేది మాత్రం ఏనుగుల షో, డైనోసార్ బొమ్మలు, గేటు దగ్గర గ్రూప్ ఫోటో. రెండు గంటలు తిరగ్గానే గైడు "టైమైపోయింది, బస్సెక్కండి" అంటాడు. ఆ రెండు గంటల్లో మనం పక్కనుంచి నడిచి వచ్చేసింది ప్రపంచంలోని పెద్ద పామ్ (తాడి, కొబ్బరి, ఈత కుటుంబపు చెట్లు) సేకరణల్లో ఒకటని మాత్రం ఎవరూ చెప్పరు. మీకు చెట్లంటే ఇష్టం ఉండి, ఒక రోజు మొత్తం కేటాయించగలిగితే ఆ తోటను వేరే రకంగా చూడొచ్చు. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు ఆ తోట ఎవరిదో తెలుసుకోండి

ఇది ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ కాదు. ఒక కుటుంబం ఆస్తి. 1954లో పిసిత్, నాంగ్ నూచ్ తన్‌సచా దంపతులు చోన్‌బురి రాష్ట్రంలోని సత్తహిప్ దగ్గర సుమారు 600 ఎకరాలు కొన్నారు. మామిడి, నారింజ, కొబ్బరి లాంటి పళ్ల తోట వేద్దామన్నది మొదటి ఆలోచన. ఆవిడ విదేశాలకు వెళ్లి అక్కడి ఉద్యానవనాలు చూసొచ్చాక మనసు మార్చుకుని పూల మొక్కలు, అలంకార మొక్కలు పెంచడం మొదలుపెట్టారు. 1980లో జనానికి తెరిచారు. తర్వాత కొడుకు కంపోన్ తన్‌సచా చేతికి వచ్చింది. పామ్‌లు, సైకాడ్‌లు (చూడ్డానికి పామ్‌లా ఉన్నా పూలు పూయని వేరే రకం మొక్కలు) ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించి పెంచింది ఎక్కువగా ఆయన హయాంలోనే. అంతర్జాతీయ పామ్ సొసైటీ సభ్యులు 2012లో తమ సమావేశాల కోసం థాయిలాండ్ వచ్చినప్పుడు ఈ తోట చుట్టూ రోజుల తరబడి తిరిగారు.

ప్రైవేటు తోట కాబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, టికెట్ కొనేవాళ్లలో ఎక్కువమంది వచ్చేది షోల కోసం, ఆ డబ్బుతోనే చెట్లు బతుకుతున్నాయి. అందుకని బోర్డులన్నీ మిమ్మల్ని షో వైపే లాగుతాయి. రెండు, అలంకరణ తరచూ మారుస్తుంటారు. పోయినేడాది మీ బంధువులు చూసిన చోట ఈసారి ఇంకేదో ఉండొచ్చు. పాత వీడియోలు చూసి దారి బట్టీ పట్టకండి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్, మే మన ఎండల్లాగే మండిపోతాయి. మధ్యాహ్నం నడవడం కష్టం. సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు ఎక్కువ. పామ్‌లకు మాత్రం ఆ రోజులే బాగుంటాయి, ఆకులు కడిగినట్టు మెరుస్తాయి. గొడుగు పట్టుకుని తిరిగే ఓపిక ఉంటే వానాకాలమే నా ఓటు. జనం కూడా తక్కువ. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ పండగ. రోడ్డు మీద కనిపించినవాళ్లందరి మీదా నీళ్లు కొట్టే రోజులు. కెమెరాతో వెళ్లేవాళ్లు ఆ వారం మానుకోవడమే మంచిది.

ఈ తోట ఉన్నది దాదాపు చెన్నై అక్షాంశం మీదే. తిరుపతి, నెల్లూరు వాళ్లకు ఆ ఉక్కపోత కొత్తేమీ కాదు. హైదరాబాద్ వాళ్లు మాత్రం నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, టోపీ మర్చిపోకూడదు. ఫుల్ చేతుల కాటన్ చొక్కా, దోమల క్రీము, తడిసినా జారని బూట్లు చాలు. మిగతా బరువంతా హోటల్లోనే వదిలెయ్యండి.

వెళ్లడం

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. వీసా నియమాలు మారుతూ ఉంటాయి, కాబట్టి టికెట్ కొనే ముందు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేశారు. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది ఉచితం, డబ్బులు అడిగే సైట్లు వేరేవాళ్లవి.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి పట్టాయా, జోమ్‌తియెన్‌లకు నేరుగా బస్సులుంటాయి, రెండు గంటల ప్రయాణం. తోట పట్టాయాకు దక్షిణంగా, సుఖుంవిత్ రోడ్డు 163వ కిలోమీటరు దగ్గర ఉంది. అందుకని జోమ్‌తియెన్ వైపు బస చేస్తే పొద్దున్న దూరం కలిసొస్తుంది. సత్తహిప్ వైపు వెళ్లే సాంగ్‌తేవ్‌లు (మన షేర్ ఆటోల్లాంటి పికప్ బండ్లు) చవక. కానీ అవి హైవే మీద దింపేస్తాయి, అక్కడి నుంచి లోపలికి ఎండలో నడక. పెద్దవాళ్లుంటే గ్రాబ్ గానీ బోల్ట్ గానీ యాప్‌లో కారు బుక్ చేసుకోండి. తిరుగు ప్రయాణం మాటేమిటన్న టెన్షన్ కూడా ఉంటుంది. సాయంత్రం తోట మూసే వేళకు బండి దొరకడం ఆలస్యమవుతుంది, తెచ్చిన డ్రైవర్‌తోనే మాట్లాడి పెట్టుకుంటే నయం. డ్రైవర్‌కు పేరు చెప్పేటప్పుడు "సువన్ నోంగ్ నుట్" అంటే త్వరగా అర్థమవుతుంది.

తోట లోపలే బస చేసే వీలూ ఉంది. పామ్‌ల కోసమే వెళ్లేవాళ్లకు ఒక రాత్రి అక్కడ ఉండటం దండగ కాదు. పొద్దున్నే టూరిస్టు బస్సులు రాకముందు తోటంతా మీదే.

వెళ్లకముందు ఒక మెయిల్ రాయండి

చాలామంది చెయ్యని పని ఇది. అన్నిటికంటే లాభం ఉన్నదీ ఇదే. జనం తిరిగే తోట వెనక నర్సరీలు, విత్తనాలు మొలకెత్తించే చోట్లు, సైకాడ్‌ల సేకరణ ఉన్నాయి. అవి టికెట్‌లో భాగం కావు. కానీ మొక్కల మీద నిజమైన ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా అడిగితే ఒక్కోసారి ఒప్పుకుంటారు.

మెయిల్ తేలిక ఇంగ్లీషులో, పది లైన్లు దాటకుండా ఉండాలి. మీరెవరు, ఏ ఊరు, ఏ తేదీన వస్తున్నారు, ఎంతమంది, ఇవన్నీ మొదటి రెండు లైన్లలోనే చెప్పెయ్యండి. తర్వాత అసలు సంగతి: ఏ రకాల పామ్‌లు చూడాలనుకుంటున్నారు. "అన్నీ చూపించండి" అంటే ఎవరూ పట్టించుకోరు. "థాయిలాండ్ అడవుల్లో పెరిగే పామ్‌లు చూడాలని ఉంది, కెరియోడోక్సా, జొహనెస్టీస్మానియా ఎక్కడున్నాయో చెప్పగలరా" అని రాస్తే చదివేవాళ్లకు మీరు మొక్కల మనిషని అర్థమవుతుంది. ఒక గంట ఎవరైనా వెంట నడవగలరా, దానికి రుసుము ఎంత అని అడగండి. విత్తనాలు, పిలకలు అడగబోమని మీరే ముందు రాసెయ్యండి. ప్రైవేటు సేకరణ ఉన్నవాళ్లకు ఉండే పెద్ద భయం అదే. మూడు వారాల ముందు రాసి, జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేసి ఊరుకోండి. అప్పుడు మామూలు టికెట్‌తోనే వెళ్లండి. దాంతో కనిపించేవే ఒక రోజుకు చాలా ఎక్కువ.

మన చెట్లతో పాఠం మొదలుపెట్టండి

ప్రపంచంలో సుమారు 2,500 రకాల పామ్‌లున్నాయి. కొత్తగా చూసేవాళ్లకు పది నిమిషాల్లో అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. బోర్డు మీది లాటిన్ పేరు చదివి ముందుకెళ్తే సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఐదు చెట్లు చాలు, తోటలో కనిపించే వాటిలో చాలావాటి పోలిక పట్టెయ్యొచ్చు. విమానంలో కూర్చుని ఈ ఐదూ ఒకసారి మనసులో తిప్పుకోండి.

తాడి: అరచెయ్యిలా విచ్చుకున్న కమ్మ. పోతుతాడి వేరు, పెంటితాడి వేరు. తోటలో విసనకర్ర ఆకు కనిపించిందంటే ఈ వైపు చుట్టమన్నమాట. నీలి బూడిద రంగు కమ్మలతో మడగాస్కర్ నుంచి వచ్చిన బిస్మార్కియా, గుండ్రటి మడతల ఆకుతో ఉండే లికువాలా గ్రాండిస్, మన పూర్వులు తాళపత్రాలకు వాడిన శ్రీతాళం, అన్నీ ఇటే వస్తాయి. శ్రీతాళం కొన్ని దశాబ్దాలు పెరిగి, ఒక్కసారి మాత్రమే నడినెత్తిన బ్రహ్మాండమైన పూగుత్తి వేసి, కాయలు పండాక చచ్చిపోతుంది. థాయిలాండ్‌కు దాని చుట్టమే ఒకటుంది, కొరైఫా లెకోంటీ. పూతలో ఉన్నది మీ కంటపడిందంటే మిగతా ప్లాన్ పక్కన పెట్టి అక్కడే కాసేపు నిలబడండి.

కొబ్బరి: ఈకలాంటి మట్ట, మొదట్లో పీచు. కాయకు మూడు కళ్లు. ఆ మూడు కళ్లు ఆయిల్ పామ్ గింజకూ ఉంటాయి, అవి దగ్గర బంధువులు.

పోక చెట్టు: కాండం పైన, మట్టల కింద నున్నటి ఆకుపచ్చ గొట్టం చూసే ఉంటారు. పాత మట్ట రాలితే శుభ్రంగా ఊడిపోతుంది. రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్‌లకు కూడా అదే గొట్టం. దక్షిణ థాయిలాండ్, మలేసియాల చిత్తడి నేలల్లో పెరిగే సిర్టోస్టాకిస్ రెండాలో అదే గొట్టం, మట్ట కాడ కూడా లక్క ఎరుపులో ఉంటాయి. దాన్ని ఎవరూ చూపించక్కర్లేదు, దూరం నుంచే పిలుస్తుంది.

జీలుగ: ఏజెన్సీ ప్రాంతం వాళ్లకు దీని కల్లు తెలుసు. చేప తోకలా చిరిగిన ఆకు ముక్కలు. ఆకు రెండుసార్లు చీలి కొమ్మల్లా విడిపోవడం పామ్‌లలో ఈ జాతికే ప్రత్యేకం. పూత పై నుంచి మొదలై కిందికి దిగుతుంది, అట్టడుగు గెల పండాక ఆ కాండం పని అయిపోయినట్టే. అరెంగా, వాలిచియా దీని దాయాదులు. వాలిచియా డిస్టికా ఆకులు కాండానికి ఇటొక వరస అటొక వరసగా, ఒకే తలంలో ఉంటాయి. పక్కనుంచి చూస్తే ఎవరో చెట్టును ఇస్త్రీ చేసి నిలబెట్టారా అనిపిస్తుంది.

ఈత: ఖర్జూరం దీని సొంత కుటుంబమే. మట్ట మొదట్లో ఆకులు ముళ్లుగా మారి ఉంటాయి. ఇంకో గుర్తు దగ్గరికెళ్లి చూడాలి: ఒక చిన్నాకును అడ్డంగా చూస్తే ఈతలో అది పైకి తెరుచుకున్న దోనెలా మడత పడి ఉంటుంది. కొబ్బరిలో బోర్లించినట్టు ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఈకలాంటి ఆకులున్న పామ్‌లను రెండుగా విడదీయడం వచ్చేస్తుంది.

మన ఇళ్లలో కుర్చీలకు వాడే పేము కూడా పామ్‌ల కుటుంబమే. తీగలా పాకుతూ ముళ్లతో చెట్లెక్కుతుంది. తోటలో దాని పక్కన నడిచేటప్పుడు చొక్కా జాగ్రత్త.

పేరులో పామ్ ఉన్నంత మాత్రాన పామ్ అయిపోదు. ట్రావెలర్స్ పామ్ అని పెద్ద విసనకర్రలా నిలబడేది అరటికి దగ్గరది. సేగో పామ్ అని నర్సరీల్లో అమ్మేది సైకాడ్, దానికి పూలే ఉండవు, కోన్‌లు వేస్తుంది.

ఆ రోజు ఎలా తిరగాలి

తోట ఉదయం 8కి తెరుస్తారు, సాయంత్రం 6కి మూస్తారు. ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుండండి. టికెట్లలో రకాలుంటాయి: తోట మాత్రమే, తోటతో పాటు షో, సైట్‌సీయింగ్ బండి కలిపి. షో లేకుండా తోట, బండి కలిసినది తీసుకోండి. ఏనుగుల చేత బొమ్మలు గీయించి, బంతులాడించే షోలకు నేను వెళ్లను, వెళ్లమనీ చెప్పను. అది మీ ఇష్టం. కానీ షో టైముకు కట్టుబడితే పామ్‌లకు దక్కేది మళ్లీ రెండు గంటలే.

మొదట బండెక్కి ఒక చుట్టు తిరిగి రండి, ఫోటోల జోలికి పోకుండా. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ పామ్‌లు దట్టంగా ఉన్నాయి, ఏ దారి ఎటు పోతుంది అన్నది గమనించండి. గేటు దగ్గర ఇచ్చే మ్యాపు మీద పెన్నుతో గుర్తులు పెట్టుకోండి. తర్వాత దిగి నడవండి. పదిన్నరలోపు ఎండలో ఉన్న వరసలు, బిస్మార్కియాలు, రాయల్ పామ్‌లు, బాటిల్ పామ్‌లు చూసెయ్యండి. ఎండ ముదిరాక నీడలో పెరిగేవాటి దగ్గరికి వెళ్లండి. అసలు అరుదైన పామ్‌లు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. ఎందుకంటే అవి అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగేవి. మధ్యలో ఎత్తు మీద కట్టిన స్కైవాక్ ఉంది. కింద నుంచి మనకెప్పుడూ కనిపించని మొవ్వు వైపు అక్కడ నుంచి కనిపిస్తుంది కాబట్టి, ఒకసారి ఎక్కి దిగండి.

పిల్లలుంటే డైనోసార్ల దగ్గర వాళ్లకు గంట గడిచిపోతుంది. ఒక పెద్ద మనిషిని అక్కడ కాపలా పెట్టి మీరు జారుకోవచ్చు.

నీడలో వెతకాల్సిన మొదటి చెట్టు కెరియోడోక్సా ఎలిగన్స్. దక్షిణ థాయిలాండ్‌లో ఫుకెట్, ఖావో సోక్ ప్రాంతాల అడవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేదు. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టిందే 1983లో. నిలబడి చూస్తే పెద్ద ఆకుపచ్చ విసనకర్ర, అంతే. చాలామంది అలాగే దాటిపోతారు. మోకాళ్ల మీద వంగి ఆకు కిందికి చూడండి. అడుగు భాగం సున్నం పూసినంత తెలుపు. ఆ తెల్లటి ఆకును మోస్తున్న కాడ నల్లగా మెరుస్తుంటుంది. గాలికి ఆకు కాస్త తిరిగితే పైన పచ్చ, కింద తెలుపు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. దీనిలోనూ మన తాడిలాగే మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు.

రెండోది జొహనెస్టీస్మానియా. పేరు నోరు తిరగదు, ఆకు మాత్రం మర్చిపోలేరు. చీలికే లేని పొడవాటి వజ్రం ఆకారపు ఆకులు నేలలోంచే లేచి వచ్చినట్టుంటాయి. మలేసియా, దక్షిణ థాయిలాండ్ పల్లెల్లో ఇళ్ల కప్పుకు ఈ ఆకు వాడేవాళ్లు. అంచులకు సన్నటి ముళ్లుంటాయి, చేత్తో నిమరకండి.

బాటిల్ పామ్ దగ్గర కాసేపు ఆగండి. మన దగ్గర ఫంక్షన్ హాళ్ల గేట్ల ముందు ఉండేదే కదా అనిపిస్తుంది. దాని సొంత ఊరు మారిషస్ పక్కన రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవి. నావికులు వదిలిన మేకలు, కుందేళ్లు మొలకలన్నీ తినేసి అక్కడ దాన్ని అంతరించిపోయే అంచుకు నెట్టాయి. కడియం నర్సరీల్లో వరసలు కట్టి అమ్ముడుపోయే మొక్క సొంత దీవిలో మాత్రం దిక్కులేనిదైంది. ఫాక్స్‌టెయిల్‌ది వేరే కథ. ఆస్ట్రేలియాలో కేప్ మెల్విల్ దగ్గర కొద్ది చోట మాత్రమే ఉన్న ఆ చెట్టుకు 1983లో పేరు పెట్టారో లేదో, విత్తనాల దొంగలు ఎగబడ్డారు. ఇప్పుడు ప్రతి గేటెడ్ కమ్యూనిటీలో అదే.

ఫోటోలు, పేర్లు

ఒక్కో చెట్టుకు నాలుగు ఫోటోలు, ఈ వరసలోనే: ముందు పేరు బోర్డు, తర్వాత మొత్తం చెట్టు, మట్ట కాండాన్ని కలిసే చోటు, చివర పూత గానీ గెల గానీ. ఇంటికొచ్చాక పేరు తేల్చేది మూడో ఫోటోనే. గూగుల్ లెన్స్ పామ్‌ల విషయంలో తరచూ తప్పు చెబుతుంది, దాన్ని నమ్మి పోస్టు పెట్టకండి. బోర్డు మీద డిప్సిస్ అని ఉండి పుస్తకంలో క్రిసాలిడోకార్పస్ అని కనిపిస్తే కంగారు పడొద్దు. 2022లో మడగాస్కర్ పామ్‌లు చాలావాటి పేర్లు మార్చారు. మన ఇళ్లలో కుండీల్లో ఉండే అరెకా పామ్ పేరు కూడా అప్పుడే మారింది.

చెయ్యకూడనివి

కింద పడిన కాయలు తీసి నలపకండి. జీలుగ, అరెంగా కాయల గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, చెయ్యి గంటల తరబడి దురద పెడుతుంది. ఆ చెయ్యి కంటికి తగిలితే ఇంకా ఘోరం. సైకాడ్ గింజలు విషం, పిల్లలకు ముందే చెప్పండి. మొక్కల మడుల్లోకి అడుగు పెట్టకండి. కొత్త వేళ్లు నేల పైపైనే ఉంటాయి. మొవ్వు మీద చెయ్యి వెయ్యనే వద్దు, ఒంటి కాండం ఉన్న పామ్‌కు మొవ్వు పోతే చెట్టే పోయినట్టు.

తోటమాలి కనిపిస్తే పలకరించండి, మగవాళ్లయితే "సవాదీ ఖ్రప్", ఆడవాళ్లయితే "సవాదీ ఖా". ఫోన్‌లో చెట్టు ఫోటో చూపించి "ఎక్కడ?" అన్నట్టు చెయ్యి తిప్పితే చాలు. బోర్డుల కంటే వాళ్లే దారి బాగా చూపిస్తారు.

విత్తనం ఒక్కటి జేబులో వేసుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి. మన దేశంలోకి విత్తనాలు, మొక్కలు తేవాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి పర్మిట్, తెగుళ్లు, పురుగులు లేవని అవతలి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. సైకాడ్‌ల మీద ఆపైన అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ ఆంక్షలున్నాయి. మన శేషాచలం కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా లేని సైకస్ బెడోమి కూడా ఆ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో ఉంది. తిరుపతి వాళ్లు అరుదైన మొక్క కోసం థాయిలాండ్ దాకా వెళ్లక్కర్లేదు, తలెత్తి కొండ వైపు చూస్తే చాలు.

తిరిగొచ్చాక మొక్క కావాలంటే

కడియం వెళ్లండి. బిస్మార్కియా, బాటిల్, ఫాక్స్‌టెయిల్, లికువాలా అక్కడ దొరుకుతాయి. బిస్మార్కియా చిన్న మొక్కగా ముద్దుగా ఉంటుంది కానీ పెరిగాక ఒక గది అంత చోటు ఆక్రమిస్తుంది. ప్రహరీ పక్కన పెట్టకండి. లికువాలాకు నీడ కావాలి, పొడి గాలి తగిలితే ఆకు అంచులు మాడిపోతాయి. కోస్తాలో హాయిగా ఉంటుంది, హైదరాబాద్‌లో వరండా లోపల పెట్టాలి. ఎర్ర సిర్టోస్టాకిస్ అడిగితే మాత్రం నర్సరీవాళ్లు ఖరీదు చెప్పేలోపు మీ ఇంట్లో నీళ్ల సంగతి ఆలోచించుకోండి. దాని వేళ్లు ఎప్పుడూ తడిగా ఉండాలి, తెలంగాణ చలికాలం దానికి పడదు. కోనసీమలో కాలవ పక్కన చోటున్నవాళ్లు ధైర్యంగా కొనొచ్చు.